పాత ఆటోమేటిక్ కార్లలో టార్క్ కన్వర్టర్: గేరుబాక్సు దించే ముందు తెలుసుకోవలసినవి

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వంటి ఊళ్ళలో పాత కారు అనగానే అంబాసిడరో ప్రీమియర్ పద్మినియో గుర్తుకొస్తుంది. వాటి క్లచ్ ప్లేటు మార్చడం ఇక్కడి తెలుగు మేస్త్రీలకు కంఠతా వచ్చిన పని. అదే షెడ్డుకు 1950లలోనో 1960లలోనో తయారైన షెవ్రొలే, బ్యూక్, ప్లిమత్ వంటి ఆటోమేటిక్ కారు వస్తే వ్యవహారం మారిపోతుంది. బండి లాగడం లేదని యజమాని చెప్పీ చెప్పకముందే గేరుబాక్సు దించడం మొదలవుతుంది. తీరా దించాక లోపల చూడడానికి ఏమీ ఉండదు, ఎందుకంటే ఇంజను టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని, నూనె ద్వారా గేరుబాక్సుకు అందించే టార్క్ కన్వర్టర్ చాలా కార్లలో అంచులు వెల్డింగు చేసి మూసేసిన ఉక్కు డబ్బా. దాని జబ్బుల్లో చాలావాటిని బోల్టు విప్పకుండానే, నూనె చూసి, ఇంజను వేగం కొలిచి, ఘాట్ రోడ్డు మీద ఒకసారి నడిపి పోల్చుకోవచ్చు. అయితే లోపల ఏ చక్రం ఎప్పుడు ఏం చేస్తుందో తెలిస్తేనే ఆ పరీక్షల ఫలితాలకు అర్థం ఉంటుంది కనుక, ముందు పనితీరును, ఆ తర్వాత పరీక్షలను, చివరగా బిగింపును వరుసగా చూద్దాం.

మీ కారులో ఉన్నది ఏది?

పాత ఆటోమేటిక్ కార్లన్నింటిలోనూ టార్క్ కన్వర్టర్ ఉంటుందనుకోవడం పొరపాటు. జనరల్ మోటార్స్ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబిల్ కార్లతో తెచ్చిన హైడ్రమాటిక్‌లో ఉన్నది ఫ్లూయిడ్ కప్లింగ్ మాత్రమే. 1960లలోని మెర్సిడెస్ ఆటోమేటిక్ కార్లలోనూ అంతే. ఫ్లూయిడ్ కప్లింగ్ ఇంజను ఇచ్చిన టార్క్‌ను గేరుబాక్సుకు చేరవేస్తుందే తప్ప పెంచలేదు. అందుకే హైడ్రమాటిక్‌కు నాలుగు గేర్లు అవసరమయ్యాయి. అమెరికన్ కార్లలో టార్క్ కన్వర్టర్ నిజంగా అడుగుపెట్టింది 1948 మోడల్ బ్యూక్ డైనాఫ్లోతో. 1949లో ప్యాకర్డ్ అల్ట్రామాటిక్, 1950లో షెవ్రొలే పవర్‌గ్లైడ్, 1956లో క్రైస్లర్ టార్క్‌ఫ్లైట్ వచ్చాయి. 1960లలో అనేక బ్రిటిష్ కార్లలో బోర్గ్ వార్నర్ 35 రకం గేరుబాక్సు కనిపిస్తుంది. కనుక గేరుబాక్సు మీదున్న పేరుపలక లేదా పోత గుర్తులు చదివి, రకమేదో ముందుగా తేల్చుకోండి. ఫ్లూయిడ్ కప్లింగ్ ఉన్న కారులో స్టేటర్ (నూనెను దారి మళ్ళించే చక్రం) కోసం వెతకడం వృథా శ్రమ.

మూడు చక్రాల మధ్య నూనె ప్రయాణం

ఈ యంత్రం కార్ల కోసం పుట్టినది కాదు. జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫొట్టింగర్ ష్టెట్టిన్‌లోని ఓడల కర్మాగారంలో పనిచేస్తూ, వేగంగా తిరిగే ఆవిరి టర్బైనును నిదానంగా తిరగవలసిన ఓడ ప్రొపెల్లరుతో జతచేయడానికి దీన్ని కనిపెట్టి 1905లో పేటెంటు తీసుకున్నాడు. మన కొరాపుట్ జిల్లాలోని మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రంలో నీరు టర్బైనును తిప్పినట్టే ఇక్కడ నూనె టర్బైనును తిప్పుతుంది. తేడా ఏమిటంటే, ఆ నూనెకు వేగమిచ్చే పంపు, దానితో తిరిగే టర్బైను, తిరిగి వచ్చే నూనెను దారిలో పెట్టే రెక్కలు, మూడూ ఒకే డబ్బాలో ముఖాముఖిగా కూర్చుని ఉంటాయి.

డబ్బా బయటి కవచం ఫ్లెక్స్‌ప్లేటు అనే పలుచని ఉక్కు పళ్ళెం ద్వారా క్రాంక్‌షాఫ్టుకు బోల్టులతో బిగించి ఉంటుంది. ఆ కవచం వెనుక సగం లోపలి గోడకు అతికిన రెక్కలే ఇంపెల్లర్, అంటే పంపు. ఇంజను తిరిగినంతసేపూ అది తిరుగుతుంది. దానికి ఎదురుగా, కవచానికి ఎక్కడా తగలకుండా ఉండే రెండో చక్రం టర్బైను. గేరుబాక్సు ఇన్‌పుట్ షాఫ్టు స్ప్లైన్ల (పొడుగాటి పళ్ళ గాడుల) మీద కూర్చునేది ఇదే. ఈ రెండింటి నడుమ, ఇరుసుకు దగ్గరగా ఉండే చిన్న చక్రం స్టేటర్. అది కదలని గొట్టం మీద, ఒకే దిశలో తిరగనిచ్చే వన్‌వే క్లచ్ సాయంతో నిలబడి ఉంటుంది. ఆ గొట్టం గేరుబాక్సు పంపు కవరుకు బిగించి ఉంటుంది కాబట్టి, స్టేటర్ మీద పడిన బలమంతా చివరకు గేరుబాక్సు గుల్ల మీదికే పోతుంది.

ఇంపెల్లర్ తిరిగేటప్పుడు దాని రెక్కల మధ్య ఉన్న నూనె బయటి అంచు వైపు విసిరివేయబడుతుంది. అక్కడి నుంచి టర్బైను బయటి అంచులోకి దూకి, దాని రెక్కల వంపును అనుసరిస్తూ ఇరుసు వైపు దిగి, మధ్యలో బయటికి వస్తుంది. దిశ మార్చుకునే ఈ క్రమంలోనే నూనె తన ఊపును టర్బైనుకు అప్పగిస్తుంది.

అదనపు టార్క్ ఎక్కడి నుంచి వస్తుంది?

కారు ఇంకా కదలకుండా, ఇంజను మాత్రం తిరుగుతున్న క్షణాన్ని తీసుకోండి. టర్బైను నిలిచే ఉంది. దాని వంపుల్లో తిరిగిన నూనె బయటికి వచ్చేటప్పుడు ఇంజను తిరిగే దిశకు ఎదురుగా తన్నుకొస్తుంది. ఆ నూనె అలాగే ఇంపెల్లర్‌లోకి పోతే రెక్కల ముందువైపు తగిలి ఇంజనుకు బ్రేకు వేసినట్టవుతుంది. మధ్యలో స్టేటర్ ఉన్నది అందుకే. వన్‌వే క్లచ్ దాన్ని వెనక్కి తిరగనివ్వదు గనుక, నిలబడిన స్టేటర్ రెక్కలు ఎదురు వస్తున్న నూనెను మళ్ళించి, ఇంజను తిరిగే దిశలోనే ఇంపెల్లర్‌లోకి పంపుతాయి. ఇంకా మిగిలి ఉన్న ఊపుతో వచ్చిన ఆ నూనెకు ఇంపెల్లర్ మళ్ళీ ఊపునిస్తుంది. రెండూ కలిసి టర్బైను మీద పడతాయి.

లెక్క చాలా సరళం. డబ్బాలో నూనె స్థిరంగా ప్రవహిస్తున్నప్పుడు టర్బైను మీద పడే టార్క్, ఇంపెల్లర్ ఇచ్చిన టార్క్‌కూ స్టేటర్ ఆపిన టార్క్‌కూ మొత్తం. ఇంజను 200 న్యూటన్ మీటర్లు ఇస్తోందనీ, కన్వర్టర్ నిష్పత్తి 2.1 అనీ అనుకుంటే, టర్బైను 420 అందుకుంటుంది. తేడా 220 గేరుబాక్సు గుల్ల, దాని మౌంటింగుల ద్వారా చట్రం మీద పడుతుంది. పవర్‌గ్లైడ్‌లో 1.82 నిష్పత్తి ఉన్న లో గేరు కూడా తోడైతే 420 కాస్తా సుమారు 764 అవుతుంది. రెండే గేర్లున్న గేరుబాక్సు అంత బరువైన కారును ఎలా లాగిందన్న అనుమానానికి జవాబు ఇదే. ఈ పెరుగుదల ఉచితంగా రాదు. టార్క్ పెరిగిన మేరకు వేగం తగ్గుతుంది, మధ్యలో పోయిన శక్తి వేడిగా మారి నూనెలో చేరుతుంది.

కారు వేగం అందుకునే కొద్దీ టర్బైను ఇంపెల్లర్‌ను దాదాపుగా పట్టుకుంటుంది, దాని నుంచి వచ్చే నూనె దిశ కూడా క్రమంగా మారుతుంది. టర్బైను వేగం ఇంపెల్లర్ వేగంలో 85 నుంచి 90 శాతానికి చేరే దగ్గర నూనె స్టేటర్ రెక్కల వెనుకభాగాన్ని తాకడం మొదలుపెడుతుంది. వెంటనే వన్‌వే క్లచ్ వదిలేస్తుంది, స్టేటర్ కూడా మిగతా రెండింటితో కలిసి తిరుగుతుంది. అప్పటి నుంచి ఇది ఉత్త ఫ్లూయిడ్ కప్లింగ్. టార్క్ పెరగదు కాబట్టి, సామర్థ్యం రెండు వేగాల నిష్పత్తితో సమానం: టర్బైను 95 శాతం వేగంతో తిరుగుతుంటే 5 శాతం శక్తి వేడిగా పోతున్నట్టే. ఆ మిగులు జారుడును కూడా ఆపాలని ప్యాకర్డ్ తన అల్ట్రామాటిక్‌లో ఇంపెల్లర్‌నూ టర్బైనునూ నేరుగా కలిపే క్లచ్‌ను 1949లోనే పెట్టింది. క్రైస్లర్ టార్క్‌ఫ్లైట్‌కు అలాంటి లాకప్ 1978 మోడల్ దాకా రాలేదు.

పని తీరంతా ఆ వన్‌వే క్లచ్ మీదే ఆధారపడిందని ఈపాటికి స్పష్టమై ఉంటుంది. అది వాలు గాడుల్లో ఇరుక్కునే చిన్న రోలర్ల గుంపో, వంకర ఉక్కు దిమ్మల వరుసో, ఏదైనా కావచ్చు. అది రెండే విధాలుగా చెడుతుంది: పట్టుకోవలసినప్పుడు జారిపోతుంది, లేదా వదలవలసినప్పుడు బిగుసుకుపోతుంది. ఈ రెండు జబ్బుల లక్షణాలు పూర్తిగా వేరు కావడమే పరీక్ష చేసేవారికి కలిసివచ్చే విషయం.

మరో సూత్రం కూడా గుర్తుంచుకోదగినది. ఇంపెల్లర్ పీల్చుకోగల టార్క్ దాని వేగపు వర్గానికీ, వ్యాసపు అయిదో ఘాతానికీ అనులోమంగా ఉంటుంది. అంటే 12 అంగుళాల కన్వర్టర్ బదులు అదే నమూనాలో 11 అంగుళాలది పెడితే అది పట్టగల టార్క్ మూడింట ఒక వంతుకు పైగా పడిపోతుంది. పాతది నిమిషానికి 1,600 చుట్ల దగ్గర ఇంజనును నిలబెడితే కొత్తది 1,990 దాకా పోనిస్తుంది. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, బోల్టులు కూడా పట్టవచ్చు. పాత సామాను దుకాణంలో దొరికిందని ఏదో ఒక కన్వర్టర్ తెచ్చి బిగించకూడదనడానికి ఇంతకంటే కారణం అక్కరలేదు.

మొదటి అడుగు: నూనె

నూనె మట్టం చూడడం చిన్న పనిలా కనిపిస్తుంది గాని, పాత కార్లలో దీన్ని తప్పుగా చూడడమే ఎక్కువ. కారు వారాల తరబడి కదలకుండా ఉంటే కన్వర్టర్‌లోని నూనె మెల్లగా కిందనున్న పాన్‌లోకి దిగిపోతుంది. ఆ ఉదయం డిప్‌స్టిక్ తీస్తే మట్టం గీతకు చాలా పైన కనిపిస్తుంది, అది చూసి నూనె తోడేసేవారూ ఉన్నారు. కనీసం 15 కిలోమీటర్లు నడిపి వేడెక్కించాక, సమతలంగా ఉన్న చోట నిలిపి, ఇంజను ఐడిల్‌లో తిరుగుతుండగా, అన్ని గేర్లలో ఒకసారి లీవరు తిప్పి, మాన్యువల్ చెప్పిన స్థానంలో ఉంచి చూడాలి. ఈ స్థానం ముఖ్యం: పాత టార్క్‌ఫ్లైట్‌లో లీవరు పార్క్‌లో ఉంటే కన్వర్టర్‌కు నూనె అందదు, కాబట్టి న్యూట్రల్‌లోనే చూడాలి. మట్టం తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది; ఎక్కువైతే తిరిగే గేర్లు నూనెను చిలికి నురగ చేస్తాయి. రెండింటిలోనూ ఫలితం ఒకటే, గాలి కలిసిన నూనె బలాన్ని మోయలేదు.

డిప్‌స్టిక్ మీది చుక్కను తెల్లకాగితం మీద వేసి చూడండి. ఎర్రగా, పారదర్శకంగా ఉంటే మంచిది. గోధుమరంగుకు మారి మాడిన వాసన వస్తే క్లచ్ పళ్ళాలు కాలినట్టు. గులాబీరంగు మజ్జిగలా ఉంటే రేడియేటరు అడుగున ఉండే నూనె కూలర్ చిల్లుపడి నీరు కలిసింది. ఇక కారును ఒక్క కిలోమీటరు కూడా నడపకండి, ఆ నీరు క్లచ్ పళ్ళాల అతుకును వదులు చేస్తుంది. అల్యూమినియంలా మెరిసే పొడి ఉంటే కన్వర్టర్ లోపలి థ్రస్ట్ వాషర్లను, స్టేటర్‌ను అనుమానించాలి.

పాన్ ప్లగ్గు విప్పితే సగం నూనె కూడా రాదని గమనించాలి, మిగిలినది కన్వర్టర్‌లోనే ఉంటుంది. చాలా పాత కన్వర్టర్లకు విడిగా డ్రెయిన్ ప్లగ్గు ఉంటుంది. బెల్ హౌసింగ్ (ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య కన్వర్టర్‌ను కప్పే గుల్ల) కింది మూత తీసి, క్రాంక్‌ను చేత్తో తిప్పుతూ ఆ ప్లగ్గును అడుగుకు తెచ్చి విప్పండి. నూనె రకం విషయంలో జనరల్ మోటార్స్ గేరుబాక్సులకు డెక్స్‌రాన్, ఫోర్డ్ గేరుబాక్సులకు, బోర్గ్ వార్నర్ 35కు టైప్ ఎఫ్ అని స్థూలంగా చెప్పవచ్చు. ఆ కాలపు నూనెల్లో ఒక వింత కూడా ఉంది: క్లచ్‌లు నునుపుగా పట్టడానికి 1970ల ఆరంభం దాకా వాటిలో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు.

రెండో అడుగు: స్టాల్ పరీక్ష

కారును కదలనివ్వకుండా ఇంజను ఎంత వేగం దాకా పోతుందో కొలవడమే స్టాల్ పరీక్ష. కారు మాన్యువల్ అనుమతిస్తేనే, బ్రేకులు నమ్మదగినవైతేనే దీన్ని చేయాలి. పాత డ్రమ్ బ్రేకుల మీద అనుమానం ఉంటే ముందు వాటిని బాగుచేయించండి. నాలుగు చక్రాలకూ రాళ్ళు కాదు, గట్టి చెక్క దిమ్మలు అడ్డం పెట్టి, ముందూ వెనుకా మనుషులెవరూ లేకుండా చూసి, ఇంజనుకు టాకోమీటరు తగిలించండి. ఇంజను, నూనె రెండూ పూర్తిగా వేడెక్కాక హ్యాండ్‌బ్రేకు లాగి, ఎడమ కాలితో బ్రేకు గట్టిగా తొక్కి, లీవరును డ్రైవ్‌లో పెట్టి, యాక్సిలరేటరు పూర్తిగా నొక్కండి. ఇంజను వేగం పెరిగి ఒక అంకె దగ్గర ఆగుతుంది. ఆ అంకె చూడగానే కాలు తీసేయండి. మొత్తం వ్యవధి 5 సెకన్లు దాటకూడదు.

ఎందుకు దాటకూడదో లెక్క వేసుకోవచ్చు. ఆ క్షణంలో ఇంజను ఇస్తున్న శక్తి అంతా వేడిగానే మారుతోంది. అది 30 కిలోవాట్లు అనుకుంటే, కన్వర్టర్‌లోని అయిదారు లీటర్ల నూనె సెకనుకు సుమారు 3 డిగ్రీలు వేడెక్కుతుంది. శక్తిమంతమైన వీ8 ఇంజను అయితే ఇంకా వేగంగా. పరీక్ష తర్వాత న్యూట్రల్‌లో పెట్టి, ఇంజనును 1,000 దగ్గర రెండు నిమిషాలు తిరగనిస్తేనే మరోసారి ప్రయత్నించవచ్చు.

వచ్చిన అంకెను మాన్యువల్‌లోని అంకెతో పోల్చండి. సుమారు 200 తక్కువైతే ముందు ఇంజనునే చూడాలి: ప్లగ్గులు, టైమింగు, కార్బ్యురేటరు. 600 లేదా అంతకుమించి తక్కువైతే స్టేటర్ వన్‌వే క్లచ్ జారిపోతోంది. ఎదురు వచ్చే నూనె ఇంజనును ఆపుతోంది కాబట్టే అది పైకి పోలేకపోతోంది. అంకె మరీ ఎక్కువైతే తప్పు కన్వర్టర్‌ది కాదు, గేరుబాక్సులో గేర్లను పట్టి ఉంచే బ్యాండ్లు గాని క్లచ్‌లు గాని జారుతున్నాయి, లేదా నూనె చాలడం లేదు.

మన ప్రాంతంలో ఇక్కడొక సవరణ అవసరం. బరంపురం సముద్రమట్టానికి దగ్గరగా ఉంటుంది, కొరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తులో పలుచని గాలి వల్ల ఇంజను టార్క్ దాదాపు 8 శాతం తగ్గుతుంది. స్టాల్ వేగం టార్క్ వర్గమూలంతో పాటు మారుతుంది గనుక 1,800 రావలసిన చోట సుమారు 1,730 వస్తుంది. ఆ 70 తేడాను జబ్బుగా భావించకూడదు.

మూడో అడుగు: ఘాట్ రోడ్డు

స్టేటర్ బిగుసుకుపోయిన కన్వర్టర్ స్టాల్ పరీక్షలో చక్కగా పాసవుతుంది, ఎందుకంటే ఆ స్థితిలో స్టేటర్ నిలబడి ఉండడమే కావాలి. దాని బండారం బయటపడేది రోడ్డు మీద. బయలుదేరడం బాగుంటుంది, ఆ తర్వాత ఎంత తొక్కినా కారు ఒక వేగం దాటదు, నూనె అసాధారణంగా కాగుతుంది. జారిపోయే స్టేటర్ దీనికి సరిగ్గా తలకిందులు: చదును రోడ్డు మీద వేగం అందుకున్నాక ఏ లోటూ తెలియదు, సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు, ముందున్న లారీ ఆగి కదిలిన ప్రతిసారీ ప్రాణం పోతున్నట్టు లాగుతుంది. ఈ రెండు వాక్యాలను గుర్తుంచుకున్న మేస్త్రీకి ఆటోమేటిక్ కారు యజమాని చెప్పే కథలో సగం అర్థమైనట్టే.

కన్వర్టర్ ఆరోగ్యంగానే ఉన్నా ఘాట్‌లో నడిపే పద్ధతి వేరు. ఏటవాలు మీద ముందు లారీ కదిలే దాకా కారును యాక్సిలరేటరుతో నిలబెట్టడం చాలామందికి అలవాటు. అది స్టాల్ పరీక్షను అయిదు సెకన్లకు బదులు అయిదు నిమిషాలు చేయడమే. బ్రేకు మీదే నిలపండి. ఎక్కేటప్పుడు ఇంజను చప్పుడు పెరుగుతూ కారు వేగం పెరగకపోతే వెంటనే లో గేరుకు మార్చండి, జారుడు తగ్గుతుంది, వేడీ తగ్గుతుంది. దిగేటప్పుడు టర్బైను వైపు నుంచి నూనె ఇంపెల్లర్‌ను అంత బలంగా తిప్పలేదు కనుక ఇంజను బ్రేకింగు తక్కువ. మలుపులకు ముందే లో గేరులో ఉండాలి. న్యూట్రల్‌లో దొర్లించడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. నూనె 80 నుంచి 95 డిగ్రీల దాకా ఉండడం సాధారణం, 120 దాటితే అది జిగురుగా మారి సీళ్ళు గట్టిపడతాయి. కొన్ని చిన్న ఇంజన్ల కార్లలో కన్వర్టర్‌ను గాలే చల్లబరుస్తుంది. వానాకాలంలో ఎర్రమట్టి రోడ్ల మీద తిరిగాక బెల్ హౌసింగ్ గాలి రంధ్రాలు మట్టితో పూడుకుపోకుండా కడిగించాలి.

దారిలో బండి ఆగిపోతే లాక్కెళ్ళే విధానం కూడా ఇక్కడే చెప్పాలి. 1960ల నడిమి దాకా చాలా గేరుబాక్సుల్లో చక్రాలతో తిరిగే వెనుక పంపు ఉండేది, తోసి స్టార్టు చేయడం దానివల్లే సాధ్యమయ్యేది. టార్క్‌ఫ్లైట్ నుంచి అది 1966 మోడల్‌తో పోయింది. వెనుక పంపు లేని కారును చక్రాల మీద లాగితే గేర్లకు చుక్క నూనె అందదు. వెనుక చక్రాలు పైకెత్తి లాగండి, లేదా ప్రొపెల్లర్ షాఫ్టు విప్పేయండి.

చివరి అడుగు: దించడం, ఎక్కించడం

పరీక్షలన్నీ కన్వర్టర్‌నే వేలెత్తి చూపితే అప్పుడు దించాలి. విప్పే ముందు ఫ్లెక్స్‌ప్లేటు మీద, కన్వర్టర్ మీద ఒకే గీత పడేలా పెయింటు గుర్తు పెట్టండి, బ్యాలెన్సు చెడకుండా అదే స్థానంలో తిరిగి బిగించాలి. ఫ్లెక్స్‌ప్లేటు బోల్టు రంధ్రాల చుట్టూ బీటలు వెతకండి. బీట పడిన ప్లేటు ఐడిల్‌లో చేసే టకటక చప్పుడును ఇంజను బేరింగు పోయిందని పొరబడడం మామూలే.

స్టేటర్‌ను చేత్తో కూడా పరీక్షించవచ్చు. కన్వర్టర్‌ను మెడ (గేరుబాక్సు వైపుండే గొట్టం) పైకి ఉండేలా బల్లమీద పెట్టి, లోపలికి వేలుపెట్టి స్టేటర్ స్ప్లైన్లున్న లోపలి వలయాన్ని తిప్పండి. గడియారం దిశలో తేలిగ్గా తిరగాలి, ఎదురు దిశలో బిగుసుకోవాలి లేదా బాగా బరువుగా కదలాలి. రెండు వైపులా తేలిగ్గా తిరిగినా, రెండు వైపులా బిగుసుకున్నా దాన్ని మార్చవలసిందే. డైనాఫ్లో, తొలి పవర్‌గ్లైడ్ కన్వర్టర్లు బోల్టులతో బిగించినవి గనుక విప్పి లోపలి భాగాలు మార్చవచ్చు. వెల్డింగు చేసినవాటిని లేత్ మీద కోసి, మళ్ళీ అతికి, బ్యాలెన్సు చేసి, లీకు పరీక్ష చేసే ఏర్పాటున్న చోటికే పంపాలి. ఊళ్ళోని మామూలు లేత్ షాపులో కోయించడం నా దృష్టిలో డబ్బు దండగ. బ్యాలెన్సు లేని కన్వర్టర్ కొత్త సీలునూ పంపు బుష్షునూ కొద్ది రోజుల్లోనే తినేస్తుంది.

ఎక్కించేటప్పుడు జరిగే అతి పెద్ద నష్టం గేరుబాక్సు ముందుభాగంలోని నూనె పంపుకే. కన్వర్టర్ మెడ చివరనున్న రెండు గాడులు పంపు గేరు పళ్ళలో కూర్చోవాలి. మెడను సన్నని ఎమరీ కాగితంతో నునుపు చేసి, సీలుకు నూనె రాసి, కన్వర్టర్‌లో ఒక లీటరు నూనె పోసి, గేరుబాక్సు మీదికి నెడుతూ నెమ్మదిగా అటూ ఇటూ తిప్పండి. ఇన్‌పుట్ షాఫ్టు దగ్గర ఒకసారి, స్టేటర్ గొట్టం దగ్గర ఒకసారి, పంపు గేరు దగ్గర ఒకసారి, మొత్తం మూడుసార్లు టక్కుమని లోపలికి దిగాలి. మూడోది వినిపించకుండా బెల్ హౌసింగ్ బోల్టులు బిగిస్తే పంపు గేరు అక్కడికక్కడే పగులుతుంది. బెల్ హౌసింగ్‌ను ఇంజనుకు చేత్తోనే ఆనేదాకా చేర్చాలి, బోల్టులతో లాగి దగ్గరకు తేకూడదు. అది ఆనాక కన్వర్టర్ చేత్తో తేలిగ్గా తిరగాలి, దానికీ ఫ్లెక్స్‌ప్లేటుకూ మధ్య చాలా అమెరికన్ గేరుబాక్సుల్లో 3 నుంచి 5 మిల్లీమీటర్ల సందు ఉండాలి. సందు లేకపోతే మళ్ళీ దించి చూడండి. ఉంటేనే కన్వర్టర్‌ను ముందుకు లాగి, గుర్తులు కలిపి, బోల్టులు బిగించండి.

ఇంజను స్టార్టు చేసే ముందు నాలుగు లీటర్ల నూనె పోసి, స్టార్టు కాగానే ఐడిల్‌లో ఉంచి, కన్వర్టర్ నిండేకొద్దీ పాన్‌లో తగ్గుతున్న నూనెను డిప్‌స్టిక్ చూస్తూ కొంచెం కొంచెంగా నింపండి. మొదటిసారి ఒక చిన్న ఘాట్, బరంపురం వారైతే తప్తపాణి దాకా, ఎక్కి దిగి వచ్చాక కారు కింద అట్టముక్క పరిచి ఒక రాత్రి వదిలేయండి. బెల్ హౌసింగ్ కింద ఎర్రటి చుక్కలు పడితే మెడ సీలు మళ్ళీ చూడాలి. నల్లటి చుక్కలు పడితే అవి క్రాంక్‌షాఫ్టు వెనుక సీలువి, గేరుబాక్సును దాని కోసం నిందించనక్కర లేదు.